నోరులేని జీవం... మా మల్లి

మన ఇళ్లలో కుక్కను మచ్చిక చేసుకోవడం కంటే ఇంట్లోవాళ్లని ఒప్పించడమే పెద్ద పని. అందులోనూ మడీ ఆచారం పాటించే అత్తగారు, నేలమీద చుక్క నీళ్లు పడితే గోల చేసే భర్త ఉన్న ఇంట్లో అయితే ఇక చెప్పనే అక్కర్లేదు! మా ఇంట్లో ఇద్దరూ ఉన్నారు. అయినా పోయిన ఏడాది శ్రావణమాసం వెళ్లగానే మా ఇంటికి ఒక తెల్ల కుక్క వచ్చింది. ముద్దులొలికే పిల్ల కాదు, ఆరేళ్లది. డబ్బిచ్చి కొన్నదీ కాదు, దిక్కులేని జంతువుల్ని చేరదీసే షెల్టర్ నుంచి తెచ్చుకున్నది. దాన్ని పెంచడంలో నేను తెలుసుకున్న సంగతులు నాలాంటి గృహిణులకు పనికొస్తాయని రాస్తున్నాను.

మా పెద్దమ్మాయికి బెంగుళూరులో ఉద్యోగం. అబ్బాయి హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాళ్లిద్దరూ వెళ్లిపోయాక మా ఫ్లాటులో గడియారం శబ్దం కూడా పెద్దగా వినిపించేది. "కుక్కపిల్లను కొనకమ్మా, షెల్టర్లో ఎన్నో ఉన్నాయి, ఒకదానికి ఇల్లు చూపించు" అని అమ్మాయి ఫోనులో నెల రోజులు పోరింది. మాది హైదరాబాదు. అక్కినేని అమలగారు 1992లో బ్లూక్రాస్ మొదలుపెట్టిన ఊరు. ఆ తర్వాత చిన్నా పెద్దా సంస్థలు ఇంకా వచ్చాయి. మేము వెళ్లింది మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న షెల్టర్‌కి.

అక్కడ అన్నీ అరుస్తూ ఎగురుతుంటే ఒక్కటి మాత్రం మూల కూర్చుని గోడకేసి చూస్తోంది. "దీన్ని ఎవరో గేటుకి కట్టేసి పోయారండీ. తర్వాత ఒకరు తీసుకెళ్లి, కరుస్తోందని రెండు వారాలకే తెచ్చి వదిలేశారు" అన్నాడు అక్కడి కుర్రాడు. ఆ మాట వినగానే మావారు నా వైపు చూశారు. నేను కుక్క వైపు చూశాను! మల్లెపువ్వులా ఉంది కదా అని దానికి మల్లి అని పేరు పెట్టాను.

పమేరియనా, స్పిట్జా?

మనం పమేరియన్ అని పిలుచుకునే తెల్ల కుక్కల్లో చాలావరకు నిజానికి ఇండియన్ స్పిట్జ్ జాతివట. అసలు పామెరేనియన్ మూడు కిలోలు దాటడమే ఎక్కువ. స్పిట్జ్‌లలో చిన్నరకం ఐదు నుంచి ఏడు కిలోల దాకా ఉంటుంది. మన వాతావరణానికి బాగా అలవాటు పడిన జాతి. 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్' సినిమాలో టఫీగా అందరినీ ఆకట్టుకున్నది ఈ జాతి కుక్కే. ఆ రోజుల్లో ఏ వీధిలో చూసినా ఇవే కనిపించేవి. ఇప్పుడు షిట్జూల వంతు, పగ్గుల వంతు వచ్చింది. చీరల్లాగే కుక్కలకూ ఫ్యాషన్లుంటాయి మరి! చీరైతే మడిచి బీరువాలో పెట్టేస్తాం. కుక్కను అలా పెట్టలేం కదా.

మా అత్తయ్యగారి షరతులు

మల్లి రాకముందే అత్తయ్యగారు మూడు షరతులు పెట్టారు. వంటింటి గడప దాటకూడదు. దేవుడి గది వైపు తొంగి చూడకూడదు. గుడ్డు, మాంసం ఇంట్లో ఉడకకూడదు. మూడింటికీ సరేనన్నాను. వంటింటి గుమ్మానికి మోకాలెత్తు చెక్క అడ్డం చేయించాను. ఇంట్లో పొలమారే పొగ, వేడి నూనె ఉన్నచోట కాళ్లకు అడ్డంపడే చిన్న కుక్క లేకపోవడం దానికీ మంచిదే, మనకీ మంచిదే. ఆవిడ మడి పుణ్యమా అని మల్లి వల్ల వంటింట్లో ఒక్క ప్రమాదం జరగలేదు.

మొదటి రోజులు

షెల్టర్ వాళ్లు చెప్పిన మొదటి మాట "తొందరపడకండి" అని. కొత్తచోటికి వచ్చిన కుక్కకి బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు పడుతుందని వాళ్ల లెక్క. ఇది ఉజ్జాయింపు మాటే. కొన్నింటికి ఇంకా ఎక్కువే పడుతుంది. కొత్త కోడలు కాపురానికి వచ్చినప్పుడు మొదటిరోజే అన్నీ ఆవిడే అందిపుచ్చుకోవాలని మనం కోరితే ఎలా ఉంటుంది? ఇదీ అంతే.

షెల్టర్లో అది పడుకున్న పాత దుప్పటి ముక్క అడిగి తెచ్చాను. వాసన తెలిసినదైతే ధైర్యంగా ఉంటుంది. హాల్లో జనం తిరగని మూల, గాలి ఆడేచోట దాని పక్క వేశాను. పక్కనే నీళ్ల గిన్నె. ఇరుగుపొరుగు చూడటానికి వస్తామంటే "వచ్చేవారం రండి వదినా" అని నవ్వుతూ చెప్పేశాను. మొదటివారం స్నానం పోయలేదు. ఎత్తుకోలేదు. కళ్లల్లోకి గుచ్చి చూడలేదు. నా పని నేను చేసుకుంటూ, కూరగాయలు తరుగుతూ దానికి కాస్త దూరంలో కూర్చునేదాన్ని. రెండు రోజులు అది సోఫా కిందనుంచి రానేలేదు. మూడోరోజు మధ్యాహ్నం నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే వచ్చి నా చీర కుచ్చిళ్లు వాసన చూసి వెళ్లింది. ఆ సంతోషం ఎవరికి చెప్పను!

ఒకటికీ రెంటికీ బయటికి వెళ్లడం నేర్పడానికి ఓపిక కావాలి. పొద్దున లేవగానే, తిన్న వెంటనే, పడుకోబోయే ముందు ఒకే చోటికి తీసుకెళ్లాలి. అక్కడ పని కానివ్వగానే మెచ్చుకుని చిన్న తినుబండారం పెట్టాలి. ఇంట్లో తడిపితే కొట్టకూడదు, ముక్కు అందులో పెట్టి రుద్దకూడదు. అలా చేస్తే చాటుగా పోయడం నేర్చుకుంటుంది తప్ప మరేం కాదు. తడిపినచోట వాసన లేకుండా కడగాలి. ఫినాయిల్ వాడితే అది పూర్తిగా ఆరేదాకా కుక్కను రానివ్వకూడదు. తొక్కిన పాదాలు నాకుతుంది కనుక మందు కడుపులోకి పోతుంది.

తిండి సంగతి

కుక్కకేముంది, మిగిలిన పప్పన్నం పెడితే సరి అనుకుంటాం. అక్కడే ఉంది చిక్కు. మన పప్పులో, సాంబారులో, కూరల్లో ఉల్లిపాయ, వెల్లుల్లి ఉంటాయి. అవి కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్షపళ్లు, పాయసంలోని కిస్మిస్ మూత్రపిండాలను పాడుచేస్తాయి. చాక్లెట్, కాఫీ, టీ కూడా విషమే. చక్కెర లేని చూయింగ్‌గమ్‌లలో వాడే జైలిటాల్ అనే తీపి పదార్థం మరీ ప్రమాదం. ఉడికించిన ఎముకలు చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి. ఆరు కిలోల ప్రాణికి మనం చిటికెడు అనుకున్నదే ఎక్కువవుతుందని గుర్తుంచుకోవాలి.

షెల్టర్లో తిన్న తిండినే మొదటివారం పెట్టాను. తర్వాత వారం, పదిరోజుల్లో పాతది తగ్గిస్తూ కొత్తది కలుపుతూ మార్చాను. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. వట్టి పెరుగన్నంతో కుక్కకి కావలసిన మాంసకృత్తులు అందవని డాక్టరుగారు చెప్పారు. అందుకని షాపులో దొరికే గుళికల తిండి, పొట్లం మీద బరువు ప్రకారం రాసినంత కొలిచి, రోజుకి రెండు పూటలు పెడుతున్నాను. పైన ఒక చెంచా పెరుగు. గుడ్డు పెడితే ఇంకా మంచిదన్నారు. అత్తయ్యగారి మూడో షరతు గుర్తుంది కదా! బాల్కనీలో చిన్న కరెంటు కెటిల్ పెట్టి, దానికో వేరే గిన్నె కేటాయించాను. ఆవిడ చూసి, "బాల్కనీ ఇంట్లోది కాదుటే?" అన్నారు. "గుమ్మానికి అవతల కదత్తయ్యా" అన్నాను. ఆవిడ మూతి ముడుచుకుని జపమాల తీసుకున్నారు. అదే అనుమతి!

డాక్టరు దగ్గరికి

తెచ్చిన నాలుగోరోజునే పశువుల డాక్టరుగారికి చూపించాం. కొత్తగా తెచ్చినదాన్ని మొదటి వారంలోనే చూపించడం మంచిది. షెల్టర్ వాళ్లు ఇచ్చిన కార్డులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినట్టు, టీకాలు వేసినట్టు ఉంది. రేబీస్ టీకా ఏటా వేయించాలి. పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులకు కలిపి వేసే టీకా వేరే ఉంది. నులిపురుగుల మందు మాకు మూడు నెలలకొకసారి వేయమన్నారు. కుక్కకి మామూలుగానే ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల దాకా ఉంటుంది. మన చేతికి వెచ్చగా తగిలిందని జ్వరమనుకుని మన ఇంట్లోని మాత్ర ఇవ్వడం చాలా ప్రమాదం.

పిడుదుల సంగతి మరిచిపోకండి. చెవుల లోపల, కాలివేళ్ల మధ్య, మెడ కింద రోజూ వెతకాలి. వాటివల్ల వచ్చే జ్వరంలో కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కునుంచి రక్తం వస్తుంది. అప్పుడు ఇంటి వైద్యం పనికిరాదు.

మెడకి బెల్టు వద్దని, భుజాల మీదుగా వచ్చే హార్నెస్ కొనమని డాక్టరుగారు చెప్పారు. చిన్న జాతుల్లో గొంతుగొట్టం నాజూకుగా ఉంటుందట. గొలుసు లాగినప్పుడల్లా అది నొక్కుకుపోతుంది. మల్లి నోరు మాత్రం ఆరోజు ఆయన్ని తెరవనివ్వలేదు. గుర్రుమంది. "కాస్త అలవాటు పడనివ్వండి, మూడు వారాల తర్వాత తీసుకురండి, అప్పుడు పళ్లు చూద్దాం" అన్నారు.

ఆ ఆదివారం

ఆ మూడు వారాలూ గడవకుండానే మా ఇంట్లో పెద్ద రభస జరిగింది. ఆదివారం పొద్దున మల్లి తిండి తిని వచ్చింది. మూతికి పెరుగు అంటుకుని ఉంది. అప్పటికి మావారికి దానిమీద కాస్త ముద్దు కలుగుతోంది. తువ్వాలు పుచ్చుకుని "రావే, మూతి తుడుస్తా" అని వంగారు. కుడివైపు చెంప మీద చెయ్యి పడిందో లేదో, కెవ్వుమని అరిచి ఆయన బొటనవేలు పట్టేసింది. రెండు పళ్ల గాట్లు, రక్తం.

నేను ఆయన్ని కుళాయి దగ్గరికి లాక్కెళ్లి, ధారగా నీళ్లు వదిలి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగాను. అత్తయ్యగారు పసుపు తెచ్చారు. వద్దన్నాను. కుక్క కరిచిన గాయానికి పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టకూడదు. కట్టు కూడా కట్టకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాం. కుక్కకి టీకా ఉంది కదా అని ఊరుకోవడానికి లేదు. ఆ నిర్ణయం డాక్టరుదే. రక్తం వచ్చిన గాటు కనుక గాయం చుట్టూ ఒక ఇంజెక్షన్ ఇచ్చి, టీకా మొదటిరోజు వేసి, తర్వాత 3, 7, 28 రోజులకు రమ్మన్నారు. కండకి వేసే పద్ధతిలో 14వ రోజు కూడా ఉంటుందట. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు. అందుకే ఈ విషయంలో మొహమాటం, బద్ధకం పనికిరావు.

ఇంటికొచ్చాక మావారు ఒక్కటే మాటన్నారు. "రేపు పొద్దున దిగబెట్టి వద్దాం."

ఆయన్ని తప్పు పట్టలేను. వేలు వాచిపోయి ఉంది. రేపు మనవలొస్తే ఏమిటి గతి అన్న భయం ఉంది. మరోపక్క మల్లి సోఫా కింద దూరి, నీళ్లు కూడా ముట్టకుండా కూర్చుంది. కార్డు తీసి చూశాను. 'వాపసు – 1' అని రాసి ఉంది. మేము దిగబెడితే అది 2 అవుతుంది. రెండుసార్లు కరిచి వాపసు వచ్చిన ఆరేళ్ల కుక్కని మూడోసారి ఎవరు తీసుకెళ్తారు?

రాత్రి అన్నాలప్పుడు ఎవరూ మాట్లాడలేదు. ఉన్నట్టుండి అత్తయ్యగారే అన్నారు. "ఒరేయ్, అది నా కాళ్ల దగ్గర రోజూ పడుకుంటోంది. నేను తొక్కినా అనలేదు. చెంప ముట్టుకుంటేనే ఎందుకు అరిచిందో కనుక్కోండి ముందు. మీ నాన్నగారు పన్నునొప్పి వస్తే పళ్లెం విసిరికొట్టలేదూ!"

మావారు తలెత్తి తల్లి వైపు చూశారు. నాకైతే నోట మాట రాలేదు. అది కొన్నాళ్లుగా ఎడమవైపే నములుతోంది. గుళికలు కింద రాలుస్తోంది. నోరు వాసన వస్తోంది. వయసు మీద పడింది కదా అని అందరం అనుకుంటున్నవే అవన్నీ.

డాక్టరుగారు చూపించింది

మర్నాడు షెల్టర్‌కి బదులు డాక్టరుగారి దగ్గరికే వెళ్లాం. రక్తపరీక్ష చేసి, రెండు రోజుల తర్వాత మత్తు ఇచ్చి నోరు తెరిచారు. కుడివైపు పైదవడ పన్ను వేరుదాకా కుళ్లి, లోపల చీము పట్టింది. చుట్టూ ఉన్న పళ్లకీ పాచి గట్టిపడి చిగుళ్లు కుంచించుకుపోయాయి. మొత్తం నాలుగు పళ్లు తీసి ఒక డబ్బాలో వేసి మావారికి చూపించారు. "చిన్న జాతుల్లో దవడ చిన్నది, పళ్లు ఇరుకుగా ఉంటాయి, పాచి త్వరగా పడుతుంది. ఈ నొప్పితో ఇది ఎన్నాళ్లనుంచి తింటోందో చెప్పలేం" అన్నారు.

మనం నోరులేని జీవాలు అంటాం కదా! పాపం, దాని బాధంతా నోట్లోనే ఉంది. అంతకుముందు తీసుకెళ్లినవాళ్లని కరిచిందీ ఈ నొప్పితోనే అయ్యుండవచ్చు.

కుట్లు మానేదాకా మెత్తగా నానబెట్టిన తిండి పెట్టాను. పదిరోజులు ముఖం ముట్టుకోలేదు. తర్వాత ఒక చేత్తో తినుబండారం చూపిస్తూ రెండో చెయ్యి మెల్లగా మెడమీద, మరికొన్నాళ్లకి చెంపమీద... అలా నెలన్నర పట్టింది. ఇప్పుడు కుక్కల కోసమే అమ్మే పేస్టుతో రోజూ పళ్లు తోమనిస్తుంది. మనం వాడే పేస్టు కుక్కలకు వాడకూడదు. అవి ఉమ్మలేవు, మింగేస్తాయి. తోముతున్నదెవరనుకుంటున్నారు? మావారే! బొటనవేలి మీద మచ్చ ఇంకా ఉంది. అయినా గుర్రుమంటే వదిలెయ్యడం అందరం నేర్చుకున్నాం. గుర్రుమనడం దాని భాష. దాన్ని కసిరి ఆపేస్తే చెప్పకుండా కరుస్తుంది. పిల్లలొచ్చినప్పుడు ఇప్పటికీ దాన్ని ఒంటరిగా వాళ్లతో వదలను.

టపాకాయలు, ఎండలు

దీపావళి రోజు చీకటి పడకముందే షికారు తిప్పి, తలుపులు, కిటికీలు మూసి, టీవీ పెట్టి దగ్గరే కూర్చున్నాను. ఒళ్లంతా వణికింది గానీ రాత్రి పదకొండుకి సర్దుకుంది. ఇలాంటి రోజుల్లోనే కుక్కలు బెదిరి పారిపోతాయి. మెడలో ఫోను నెంబరు రాసిన బిళ్ల తప్పకుండా ఉండాలి.

ఎండాకాలం పొద్దున ఏడుగంటలలోపు, మళ్లీ పొద్దు గూకాక మాత్రమే బయటికి. రోడ్డు మీద మన అరచేతి వెనకభాగం కాసేపు ఆనించి చూడాలి. మనకి చురుక్కుమంటే దానికీ కాలుతుంది. బొచ్చు ఎక్కువని గుండు చేయించకూడదు. ఈ జాతికి రెండు పొరల బొచ్చు. అది ఎండనుంచి కూడా కాపాడుతుంది. రోజు విడిచి రోజు దువ్వితే చాలు. స్నానం నెలకొకసారి, కుక్కల షాంపూతోనే. తర్వాత లోపలి పొర దాకా ఆరబెట్టాలి. లేకపోతే చర్మం పుండ్లు పడుతుంది.

తెచ్చుకోవాలనుకునే వారికి

కుక్కను తెచ్చుకునే ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. చిన్న జాతులు పన్నెండు, పద్నాలుగేళ్లు బతుకుతాయి. ఊరెళ్తే ఎవరు చూస్తారు, వైద్యం ఖర్చుకి నెలనెలా కొంత పక్కన పెట్టగలమా, మున్సిపాలిటీలో నమోదు సంగతేమిటి, ఇవన్నీ ముందే తేల్చుకోండి. అపార్టుమెంటు వాళ్లు అభ్యంతరం చెబితే భయపడకండి. పెంపుడు కుక్కల్ని నిషేధించే హక్కు సంఘాలకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అలాగని మెట్ల మీద మురికి చేయించి వదిలేస్తే తప్పు మనదే. నేను చేతిసంచిలో పాత పేపరు లేకుండా కిందికి దిగను.

నిజంగా పెంచలేని పరిస్థితే వస్తే తెచ్చినచోటే అప్పగించండి. వీధిలో మాత్రం వదలకండి. కారణం లేకుండా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఇచ్చేముందు ఒక్కసారి డాక్టరుకి చూపించండి. పొగరనుకున్నది నొప్పి కావచ్చు.

మా అత్తయ్యగారికి మల్లి ఇప్పటికీ 'అంటు'దే. అది తగిలితే కాళ్లు కడుక్కునే పూజకి కూర్చుంటారు. కానీ పక్కింటావిడ "ఏమిటండీ మీ ఇంట్లో కుక్కా!" అని ముక్కుమీద వేలేసుకుంటే, "ధర్మరాజుని స్వర్గం దాకా వదలకుండా వెంట నడిచింది కుక్కేనమ్మా" అని జవాబు చెప్పింది ఆవిడే. షరతులు మూడూ అలాగే ఉన్నాయి. బాల్కనీలో కెటిల్ మాత్రం ఇప్పుడు నేను మరిచిపోతే ఆవిడే గుర్తుచేస్తున్నారు.